అమ్మవారి సంతకం

మా మామ ఇన్‌కమ్ టాక్సు రిటర్ను నేను మొదటిసారి నింపిన ఏడాది, అప్పులిచ్చిన వాళ్ల జాబితాలో లక్ష్మీదేవిని కూడా చేర్చాను. తప్పు నాదే. బీదర్‌లో బి.కాం. చదివి జహీరాబాద్ కోడలిగా వచ్చి అప్పటికి నాలుగేళ్లయింది. చదివిన చదువుకు తగ్గ పని ఒక్కటీ దొరక్క నా చేతులు ఊరికే దురద పెడుతుండేవి. ఎనభైల మొదట్లో సంగతి ఇది.

మాది బజారులో ఇనుప సామాను దుకాణం. నాగలి కర్రులు, గడ్డపారలు, బొక్కెనలు, గొలుసులు, మేకులు అమ్మేవాళ్లం. మొగుడంపల్లి, ఝరాసంగం రైతులు వచ్చి ఒక్క పార కొనడానికి పది పారలు మోగించి చూసేవాళ్లు. మామ విసుక్కోకుండా పదీ అందించి, పదకొండోది కూడా చూపించేవారు. మా ఆయన తూకం దగ్గర, మామ గల్లా దగ్గర. లెక్కలన్నీ మామ చేతిరాతే.

మా లెక్కల సంవత్సరం దీపావళి నుంచి దీపావళికి. ఆ రోజుల్లో వ్యాపారులు తమకు నచ్చిన సంవత్సరం పెట్టుకుంటే టాక్సు ఆఫీసు ఒప్పుకునేది. దీపావళి రోజు కొత్త పుస్తకానికి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసేవాళ్లం. మొదటి పేజీలో ముందుగా జమ రాయాలి, ఖర్చు రాయకూడదు. ఆ మొదటి జమ మా ఇంట్లో అత్తమ్మ చేతి నుంచి రావాలి.

అత్తమ్మకు రెండు బర్రెలుండేవి. పొద్దున, సాయంత్రం పదకొండిళ్లకు పాలు పోసేది. ఆమెకు చదువు రాదు. అయినా కొట్టం గోడ మీద ఒక్కో ఇంటికి ఒక్కో వరుస ఉండేది. లీటరుకు సున్నంతో ఒక గీత, అర లీటరుకు ఒక చుక్క. ఏ ఇంటావిడైనా "నెల మధ్యల నాలుగొద్దులు పోసుకోలే గద" అని దబాయిస్తే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడ ముందు నిలబెట్టేది. గడ్డికి, తవుడుకు పోగా మిగిలింది మూట కట్టేది. దీపావళి ముందు గోడలకు సున్నం వేస్తారు కాబట్టి ఆలోగా లెక్కలన్నీ తేల్చేసుకునేది. పూజ వేళకు ఆ మూట తెచ్చి కొత్త పుస్తకం మీద పెట్టేది. మామ ఎంచి, "శ్రీ మహాలక్ష్మి అమ్మవారి ఖాతా, జమ" అని రాసి గల్లాలో వేసేవారు.

దుకాణం పెట్టిన ఏడాది నుంచీ ఇదే పద్ధతి. ఆ పైసలు అత్తమ్మవని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. ఎప్పుడైనా ఆమె, చెల్లెలికి చీర పెట్టాలనో, వాడకట్టు ఆడవాళ్లతో కలిసి తిరుపతి పోవాలనో కొంచెం అడిగితే మామ ఒకటే మాట అనేవారు.

"అది అమ్మవారి సొమ్ము. జర సోంచాయించి మాట్లాడు."

దేవత పేరు వినగానే అత్తమ్మ చెంపలు వేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. నాకు ఒళ్లు మండేది. కొత్త కోడలిని కాబట్టి లోలోపలే మండించుకునేదాన్ని.

అంతకు ముందు మా రిటర్నులు హైదరాబాదులో ఒక వకీలు వేసేవారు. ఏటా అంచనా మీద ఒక ఆదాయం వేసి కాగితాలు పంపితే మామ సంతకం పెట్టేవారు. ఆ ఏడు ఆయన వయసు పైబడి పని మానేశారు. జూన్ ఆఖరులోగా రిటర్ను వెయ్యాలి. నేను చేస్తానంటూ ముందుకొచ్చాను.

"ఇది ఇంటి పద్దు గాదు బిడ్డా, సర్కారు పని," అన్నారు మామ.

"చెయ్యనియ్యి నాయినా. ఫీజు మిగుల్తది," అన్నాడు మా ఆయన. నా చదువు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది.

ఇక చూడాలి నా వైభవం. మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప పరిచి, పుస్తకాలు చుట్టూ పేర్చి, జడ ముడి వేసి కూర్చునేదాన్ని. అంచనా రాసి పంపడం నాకు అవమానంగా తోచింది. ఆ దుకాణం పుట్టాక ఎన్నడూ ఎరగని ఆస్తి అప్పుల పట్టీ ఒకటి తయారు చేశాను. మూడు రోజులు రెండు వైపులా కలవలేదు. నాలుగో రోజు అమ్మవారి ఖాతా గుర్తొచ్చింది. ఏటేటా పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి తెచ్చుకుంటూ వచ్చిన బాకీ, మొత్తం పద్దెనిమిది వేల నాలుగు వందలు. అది అప్పుల వైపు వేసేసరికి రెండు వైపులా పైసాతో సహా సరిపోయాయి. సంతోషం పట్టలేక అరిస్తే, బర్రె పొడిచిందేమోనని అత్తమ్మ చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

అప్పులిచ్చిన వాళ్లు ముగ్గురు తేలారు. హైదరాబాదు హోల్‌సేల్ సేటు, కోహీర్‌లో మామ మేనబావ, మూడో వరుసలో అమ్మవారు. పక్కనే చిరునామా గడి. ఖాళీగా వదలడం పద్ధతి కాదు కదా, జహీరాబాద్ అని రాశాను.

చలికాలం మొదలయ్యాక నోటీసు వచ్చింది. "అప్పులిచ్చిన ప్రతివారి దగ్గరా, ఇంత ఇచ్చామని సంతకంతో ఉత్తరం తీసుకుని, మీరు స్వయంగా హాజరు కావలెను." మామ ఆ కాగితం రెండుసార్లు చదివి నా వైపు చూశారు. తిట్టినా బాగుండేదనిపించింది.

సేటు ఉత్తరం పోస్టులో వచ్చింది. మేనబావ తనే బస్సెక్కి తెచ్చిచ్చి, భోజనం చేసి వెళ్లాడు. ఆ రెండూ పట్టుకుని మామ, నేను హైదరాబాదు వెళ్లాం.

ఆఫీసరు పెద్దమనిషి. కళ్లజోడు పైనుంచి చూసే అలవాటు. రెండు ఉత్తరాలకూ టిక్కులు పెట్టి, మూడో వరుస దగ్గర పెన్ను ఆపారు.

"అమ్మవారి దగ్గర అప్పు తీసుకున్నారా?"

"అవును సార్," అన్నాను.

"సంతకం తేగలరా?"

దేవతల సంతకాల గురించి నా బి.కాం.లో పాఠం లేదు. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. నెమ్మదిగానే చెప్పారు. "చూడమ్మా, దేవుడి పేరున ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. ఇన్నేళ్లుగా మీరు ఈ ఖాతా మాకు చూపలేదు. పాతదని నేనెలా నమ్మను? ఆ డబ్బు తెచ్చి పెట్టిన మనిషి ఎవరో ఉంటారుగా. పాత పుస్తకాలు తెండి, ఆ మనిషి చేత రాయించి తెండి. లేదంటే ఇదంతా మీ మామగారి ఆదాయమే. పన్ను పడుతుంది."

"నాదే సార్," అన్నారు మామ. "నా ఆమ్దానీ అనే రాసుకోన్రి. టాక్సు కడ్త."

నేను నిర్ఘాంతపోయాను. అత్తమ్మ ఇరవై ఏళ్లకు పైగా పిండిన పాలు ఒక్క మాటతో ఆయనవైపోతున్నాయి. ఇన్నాళ్లూ కనీసం అమ్మవారివనైనా అనేవారు. ఇప్పుడు సర్కారు కాగితం మీద కూడా ఆయనవే అయితే ఆమె ఇక ఎవరినీ ఏమీ అడగడానికి ఉండదు. దానికంతటికీ నా తెలివితక్కువ పట్టీయే కారణం.

"పదిహేను రోజులు టైమివ్వండి సార్," అన్నాను మామ వైపు చూడకుండా. ఆఫీసరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వాయిదా రాసిచ్చారు.

తిరుగు బస్సులో పటాన్‌చెరు దాటాక మామ నోరు విప్పారు. "టైమెందుకడిగినవ్?"

"అవి అత్తమ్మ పైసలు మామా."

"ఎరుకనే. అయితే ఏంది? దుకాణం పెండ్లాం పాలపైసల మీద నడిచిందని సర్కారుకు రాసియ్యాల్నా? రేపు బజార్ల ఎట్ల తలెత్తుకోని తిరగాలె?"

జవాబు చెప్తే మాట పెరుగుతుందని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సదాశివపేట దాటినా నా కోపం దిగలేదు. ఆయన వేరుశెనక్కాయలు కొనిస్తే తీసుకోలేదు. ఆకలి మాత్రం బాగా వేసింది.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె బర్రెలకు కుడితి కలుపుతోంది. తల ఎత్తకుండా అంది: "రాసుకుంటే రాసుకోనీ తియ్యి. నాయి అని ఎన్నడన్నరు గనక?"

ఆ మాట అన్న తీరుకు నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఆమె ఏడవలేదు, కుడితిలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉంది.

మర్నాడు అటక ఎక్కి పాత పుస్తకాలన్నీ దించాను. దుమ్ముకు తుమ్ముతూ ఒక్కొక్కదాని మొదటి పేజీ తీశాను. కుంకుమ మరకల మధ్య మామ చేతిరాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంది. అమ్మవారి ఖాతా, జమ. దాని కింద సన్న అక్షరాలతో ఇంకో వరుస ఉంది. రిటర్ను నింపినప్పుడు బాకీ అంకె చూసుకున్నానే గానీ ఆ వరుస చూడలేదు. "ఇంటి బర్రె పాల పైకం." ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఒక ఏడు: "పాల పైకం తొంభై ఆరు. ఈ యేడు ఒక బర్రె చచ్చింది." అన్నిటికన్నా పాత పుస్తకంలో: "పాల పైకం మూడు వందల పన్నెండు. దీంతోనే మొదటి మాలు తెచ్చిన."

మామ అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక పుస్తకాలు తెచ్చి ఆయన ముందు పరిచాను. అత్తమ్మ గడప దగ్గర కూర్చుంది.

"ఇది ఎవరి దస్తూరి మామా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ చూశారు. బర్రె చచ్చిన ఏడాది దగ్గర చాలాసేపు ఆగారు.

"నాదే," అన్నారు చివరికి.

"అబద్ధం రాసిన్రా?"

"నా పుస్తకంల అబద్ధముంటదా?" గొంతు పెరిగింది.

"మరి ఆఫీసుల నాదే అని ఎందుకన్నరు?"

ఇంత మాట మామను అడుగుతానని నేనే అనుకోలేదు. అక్కడే ఉన్న మా ఆయన భయపడి దుకాణానికి వెళ్లిపోయాడు. మామ కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"కాయిదం తే," అన్నారు.

ఎలా రాయాలో నేను చెప్పాను, ఆయనే స్వయంగా రాశారు. పూర్తయ్యాక అత్తమ్మకు చదివి వినిపించాను. "నేను పాలు అమ్మి సంపాదించిన సొంత పైకం ఏటేటా నా భర్త దుకాణానికి చేబదులుగా ఇచ్చితిని. మొత్తం పద్దెనిమిది వేల నాలుగు వందల రూపాయలు. ఇది నాకు తిరిగి రావలసి ఉన్నది."

"మల్లొకసారి చదువు," అంది అత్తమ్మ.

చదివాను. ఆమె బొటనవేలికి సిరా రాసుకుని, నేను చూపించిన చోట గట్టిగా అద్దింది.

వాయిదా రోజున ఆఫీసరు పాత పుస్తకాలు తిరగేసి, బర్రె చచ్చిన ఏడాది దగ్గర ఆయనా ఆగారు. "ఇలాంటి మాట ఎవరూ కల్పించి రాయరు," అని ఉత్తరానికి టిక్కు పెట్టేశారు. పన్ను పెరగలేదు. ఆ ఏటి నుంచి జాబితాలో మూడో వరుస అత్తమ్మ పేరు మీదికి మారింది.

ఇంటికి రాగానే అత్తమ్మ ఎదురొచ్చింది. "ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు అత్తమ్మా. పైసలు నీవేనని సర్కారు రాసుకుంది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని మామ ముందుకెళ్లి నిలబడింది. "అయితే ఇయ్యున్రి."

మామ చెప్పులు కూడా విప్పలేదు. "ఎంత?"

"కాయిదంల ఎంతుంటె అంత."

"ఒక్కసారి అంత గల్లాల యాడుంటయే?"

"నెలకింతని ఇయ్యున్రి. నాకేం ఫికర్ లేదు."

మామ నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. సరేనన్నట్టు ఆయన తలూపి చెప్పులు విప్పుతుంటే అత్తమ్మ మళ్లీ అంది: "మరి ఇన్నేండ్ల మిత్తి?"

"మిత్తా!" అన్నారు మామ.

"వడ్డీ కడితే మన ఖర్చు కింద రాసుకోవచ్చు మామా. టాక్సు తగ్గుతది," అన్నాను. అది నిజమే. అయినా నేను చెప్పింది టాక్సు కోసం కాదని ముగ్గురికీ తెలుసు.

మామ అరుగు మీద కూర్చున్నారు. చాలాసేపు ఆమెనే చూశారు. కోపం కాదు, ఈ మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు. తర్వాత హోల్‌సేల్ సేటుతో బేరమాడే గొంతుతో అడిగారు: "ఏం ధర చెప్తవ్?"

అత్తమ్మ ఆలోచించింది. ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"బయట నూటికి రెండు నడుస్తున్నది," అంది. "మీరు ఇంటోల్లే గద. రూపాయిన్నర ఇయ్యున్రి."