తాత కంటి పొర

అగొసి ఇంట్లో ఉండే కొండచిలువను ఎవరూ పాము అనరు. విదా పట్నం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అనరు, తాత అంటారు. ముంజేతికి రెండు చుట్లు తిరిగేంత చిన్న జాతి అది. తాతలకు అక్కడ ఓ గుడే ఉంది. గుళ్లోంచి షికారుకు బయల్దేరిన తాత ఎవరింట దూరినా వాళ్లు మురిసిపోయి, మర్యాదలు చేసి, మర్నాడు మళ్లీ గుళ్లో దిగబెడతారు. అగొసి మాత్రం దిగబెట్టలేదు. మొగుణ్ణి పూడ్చి వచ్చిన రోజున గడప దాటి లోపలికి వచ్చినవాణ్ణి ఎలా పంపేస్తుంది? గుడి పెద్దమ్మ నగ్బో కూడా, "ఉండనీవే, ఆయనకే లేని తొందర మనకెందుకు?" అనేసింది.

అగొసి చేపలు పొగబెట్టి అమ్ముకుంటుంది. ఉన్నది ఒకటే గది, గోడ అవతల మట్టి పొయ్యి. ఆ వెచ్చటి గోడకే తాత ఆనుకుని చుట్ట చుట్టుకున్నాడు. ఆయన ఎక్కడ కూచుంటే అదే ఆయన పీట, కదిలించే హక్కు మనకు లేదని అత్తగారు బతికున్నన్నాళ్లూ నూరిపోసింది. కోడలు ఆ మాటను తూచా తప్పకుండా పాటించింది. బుట్ట అడ్డమొస్తే బుట్టను జరిపింది, చివరికి తన చాపనూ జరుపుకుంది.

ఆ ఏడు ఉత్తరాది దుమ్ముగాలి ముందే వచ్చిపడింది. పెదాలు పగిలాయి, తలుపు చెక్కలు బీటలిచ్చాయి. తాత ఒళ్లు మసకబారి కళ్లు పాలనీలంగా మారితే, కుబుసం విడిచే వేళయిందని అగొసి సంబరపడింది. కుబుసం ఊడితే కదా! ముక్కలు ముక్కలుగా చిట్లి, ఒంటికే అతుక్కుని, వెల్లుల్లి పొట్టులా లేచింది. కళ్లు తేటపడలేదు. కిందటిసారి ఊడకుండా ఉండిపోయిన కంటి పొర మీద ఇంకో పొర పడింది. ఎలకను ముందు పెడితే, తాత పట్టబోయి గురితప్పి గోడకేసి మూతి కొట్టుకున్నాడు.

ఆమెకు తెలిసిన మందల్లా పూజలో వాడే ఎర్రనూనె. భక్తిగా ఒళ్లంతా పట్టించింది. నూనెకు పొగ, పొగకు దుమ్ము తోడై తాత మరీ అన్యాయంగా తయారయ్యాడు.

ఆడపడుచు సెనాన్ తొంగిచూసి నోరెళ్లబెట్టింది. "ఏంటొదినా, తాతని కూడా సంతకి పట్టుకుపోదామనా?"

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదే!"

"నా నోరు సరే. ఆయన గానీ నీ ఇంట్లో పోయాడంటే, మనిషికి చేసినట్టు అన్నీ చెయ్యాలి. ఏం చేసి చంపావే అని ఊరంతా నిన్నే అడుగుద్ది."

ఊరు అడిగితే అడిగింది. ఆయన పోతే ఈ గదిలో తనతో ఇంకెవరుంటారు? అగొసి పెద్దమ్మ కోసం పరుగెత్తింది.

నగ్బో వచ్చి చతికిలబడి, తాత మీద అరచెయ్యి ఆనించింది. తరవాత గోడను ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఈ నిప్పు పక్కన కూచోబెట్టిందెవరే ఆయన్ని?"

"ఆయనే కూచున్నాడు పెద్దమ్మా. లెమ్మనడానికి నేనెవర్ని?"

"నీ మొగుడు తాగి ఎండలో పడుంటే లేపేదానివా, అదే ఆయన పీట అని వదిలేసేదానివా?"

"మొగుడు వేరు, ఈయన వేరు..."

"మాడితే ఎవరి ఒళ్లైనా ఒళ్లే. ఎత్తుకో ముందు."

అగొసి తాతను ఎత్తుకుంది. చల్లగా ఉంటాడనుకుంది, రొట్టెలా వేడిగా ఉన్నాడు. ఇద్దరూ కలిసి గోరువెచ్చటి నీళ్లలో నూనె కడిగారు. నీళ్లకుండల మూల తడి గోనె పరిచి, అంచు విరిగిన కుండను దాని మీద బోర్లించి గది కట్టారు. తాత గోనె మడతల్లోంచి పాకేకొద్దీ నానిన పొట్టు దానంతటదే జారసాగింది. కళ్ల పొరలు మాత్రం కదల్లేదు. అగొసి ఆత్రంగా గోరు పెట్టబోతే, నగ్బో చేతి మీద ఒక్కటిచ్చింది.

"లాగావంటే పొరతోపాటు కన్నూ ఊడొస్తుంది. గోనె తడారనీకు, అంతే. మళ్లీ విడిచేటప్పుడు ఆయనే తీసుకుంటాడు."

అగొసి గోనె తడుపుతూ కూచుంది. తాత ఏమీ తినలేదు. వెన్ను తేలింది. సంతలో బేరాలాడుతున్నా ఆమె మనసంతా ఆ కుండ కిందే ఉండేది.

తొలివానలు పడ్డాక ఒక పొద్దున తాత కుండలోంచి తల బయటపెట్టి, మూతిని నీళ్లకుండ కింది రాతికి రాశాడు. పెదవి దగ్గర పొర విడివడింది. ఇక చొక్కా చెయ్యి తిరగేసినట్టు, మూతి నుంచి తోక దాకా ఒక్క ముక్కగా వచ్చేసింది. అగొసి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. కళ్లుండే చోట దళసరి బిళ్లలు రెండు, పొర మీద పొర, అతుక్కునే ఉన్నాయి.

ఆమె తాత వైపు తిరిగింది. నల్లటి కన్ను, నీళ్లలో తడిసినట్టు మెరుస్తున్న కన్ను, ఆమెనే చూస్తోంది. అందులో తెరిచిన తలుపు, ఆ తలుపులో గోరంత అగొసి. ఆమె మోకాళ్ల మీద కూలబడి నుదురు నేలకు ఆనించింది. ఏం మొక్కుకోవాలో కూడా తోచలేదు.

తల ఎత్తేసరికి తాత బయల్దేరాడు. నేరుగా పొయ్యి గోడ వైపే.

అగొసికి ఒక్క క్షణం అత్తగారు వెనకే నిలబడినట్టనిపించింది. అయినా వెళ్లి ఆయన దారికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"అటొద్దు తాతా. కాలుద్ది."

తాత ఆగాడు. నాలుకతో ఆమె వేళ్లను తడిమాడు. తరవాత తల మళ్లించి, మెల్లగా ఆమె ముంజేతికి చుట్టుకుని, అక్కడే గడ్డం ఆనించాడు.

"చెబితే వినేవాడివే కదా తాతా," అంటూ అగొసి భోరున ఏడ్చేసింది. "ఇన్నాళ్లూ నేనే చెప్పలేదు."