మిరియం నాలుగో కాలు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం. డుంబ్రిగుడ దగ్గర ఒక పశువైద్య కేంద్రంలో అసిస్టెంటుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆవులకు, మేకలకు సూదులు వెయ్యడమే నా పని. అలాంటిది ఒక కుక్క మోకాలి బాధ్యత నా మీద పడేసరికి గుండెల్లో రాయి పడింది.

కుక్క పేరు మిరియం. నల్లగా, పిల్లికంటే కాస్త పెద్దగా ఉండేది. దాన్ని పెంచుకుంటున్న బుద్రమ్మ కొండ మీద కాఫీ రైతు. ఆవిడకు చెవులు సరిగా వినిపించవు. తోటలో ఎలుగుబంటి అలికిడైతే మిరియమే చీర అంచు లాగి చెప్పాలి. అలాంటి మిరియానికి వెనక కాలికి పటెల్లార్ లక్సేషన్, అంటే మోకాలి చిప్ప గాడి తప్పడం. విశాఖలో ఆపరేషన్ చేసి, తర్వాత చూసుకోమని నాకు అప్పగించారు.

"గెంతనివ్వకమ్మా, మెట్లెక్కనివ్వకు. లోపలి కుట్టు తెగితే ఇంక కాలు లేనట్టే," అని ఆవిడ చెవి దగ్గర అరిచి చెప్పాను. నా భయమంతా ఆవిడకు ఎక్కించేశాను.

పదో రోజు, సంత నాడు, కుక్కను గంపలో పెట్టుకుని వచ్చింది. పై కుట్లు విప్పాను. ఆ తర్వాత రెండు సంతలకు రాలేదు. చీము పట్టిందేమో, చచ్చిపోయిందేమో అని నాకు అన్నం సహించలేదు. ఆగలేక కొండెక్కి వెళ్లాను.

బుద్రమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో మిరియం. కాలు తడిమి చూశాను. తొడ కండ కరిగిపోయి ఎముకే తగిలింది.

"అసలు కిందికి దించలేదా?" అని అరిచాను.

"ఉచ్చకి కూడా ఎత్తుకొనే పట్టుకెల్తన్నాను. నువ్వే కదా సెప్పినావు, కాలు పోద్దని."

"మరి తోటకో?"

"ఇది నేకుండా ఎలగెల్తాను? పళ్లన్నీ రాలిపోతన్నాయి."

తప్పు నాదే. వద్దన్నవన్నీ చెప్పాను. రెండు వారాల తర్వాత తాడు పట్టుకుని మెల్లగా నడిపించాలని చెప్పనే లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి ఫోన్ చేస్తే నన్ను కడిగేశారు. "ఇవాళే నడిపించు. ఇంకా ఆలస్యమైతే ఆ కాలు వాడటమే మానేస్తుంది," అన్నారు.

తాడు కట్టి కిందికి దించాను. మిరియం మూడు కాళ్ల మీదే నిలబడింది.

"ఒగ్గీయమ్మా, ఇరిగిపోద్ది!" అని బుద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకూ అదే భయం. అయినా తాడు వదల్లేదు.

తోట వైపు ఎగువ బాట పట్టాం. ఎక్కేటప్పుడు బరువు వెనక కాళ్ల మీద పడుతుంది. మిరియం మూడు కాళ్లతో కుంటుతూ పది అడుగులు వేసిందో లేదో, కాఫీ మొక్కల్లో ఏదో గరగరమంది. దాని చెవులు నిక్కాయి. ఇంక గెంతుతుంది, అంతా అయిపోయింది అనుకుని తాడు బిగించి కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి నాలుగో కాలు నేల మీద ఉంది. బుద్రమ్మ చీర అంచు దాని నోట్లో ఉంది.

"ఏటే, ఏటొచ్చింది?" అని దాన్ని అడుగుతూ బుద్రమ్మ ఏడ్చేసింది. వచ్చింది పక్కింటి పంది.

ఇప్పుడు ఏ కేసు వచ్చినా, ఎన్నాళ్లు కదపకూడదో చెప్పిన నోటితోనే ఏ రోజు నుంచి కదపాలో కూడా చెబుతాను. భయపెట్టడం ఒక్క నిమిషం పని. బుద్రమ్మకు ఆ భయం వదిలించడానికి నేను ఆరు వారాలు ఆ కొండ ఎక్కాల్సి వచ్చింది. ఆరో వారం వెళ్లేసరికి తలుపు గొళ్లెం పెట్టి ఉంది. ఇద్దరూ తోటలో ఉన్నారు.