గాలాడని పెట్టె

విమానంలో ఏది తీసుకెళ్లొచ్చో ఏది తీసుకెళ్లకూడదో చెప్పే కాగితాలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. చదివినకొద్దీ ఒళ్లు మండేది. నీళ్లు పరీక్షించే చేతి మిషను ఒకటి ఉంది నాకు, టెక్కలి నుంచి సంతబొమ్మాళి మీదుగా అక్కుపల్లి దాకా బోరు బోరుకీ మోసుకు తిరిగేది. దాని విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలట, లగేజీలో వేస్తే తప్పట. నీళ్ల సీసాలో నాలుగు చుక్కలు వేసే యాసిడ్ ఆ సంచిలోనూ వద్దు, ఈ లగేజీలోనూ వద్దు, అసలు విమానం గడపే తొక్కకూడదట. మరి పరిశోధన ఎలా చెయ్యాలో ఆ ఫైల్లో ఏ పేజీలోనూ లేదు. ఒకసారి సెక్యూరిటీ మనిషి ఒకడు నా మిషనును తిప్పి తిప్పి చూసి, ఇదేం చేస్తుందని అడిగాడు. నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతుందన్నాను. నీళ్ల సంగతి చెప్పడానికి ఇన్ని వైర్లు ఎందుకన్నాడు.

మాది టెక్కలే. నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కాగితాల మీద నాకున్న విసుగు ఆయన నుంచి రాలేదు, ఆయనకు కాగితమంటే ప్రాణం. నేను ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో వెతికే ఒక పరిశోధనలో పనిచేస్తున్నాను. చెప్పుకోవడానికి పెద్ద పనే. చేసేది మాత్రం ఊరూరా తిరిగి రక్తం తీయించడం, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో దాన్ని మిషన్లో తిప్పి పైకి తేలిన సీరాన్ని చిన్న గొట్టాల్లోకి పట్టడం, పాడవకుండా ఢిల్లీలోని ల్యాబుకు చేర్చడం. కిడ్నీ పాడవడం బయటికి తెలియక ముందే లోపల ఏం జరుగుతోందో చెప్పే పరీక్ష అది, ఇక్కడ చెయ్యరు. పలాసలో కొరియర్ వాళ్లు డ్రై ఐస్ అన్న మాట వినగానే ఫోను పెట్టేస్తారు. అందుకని పెళ్లికూతుర్ని దిగబెట్టినట్టు ప్రతి పెట్టెనూ నేనే విమానంలో వెంటబెట్టుకుని వెళ్లి అప్పజెప్పి రావాలి.

డ్రై ఐస్ చూడ్డానికి మంచులా ఉంటుంది గానీ కరిగి నీరు కాదు, గ్యాసై గాలిలో కలిసిపోతుంది. గొట్టాలు గడ్డకట్టి ఉండాలంటే అదే కావాలి. దానికి విమానం వాళ్ల షరతులు నాలుగు. మనిషికి రెండున్నర కిలోలు దాటకూడదు. ముందే కంపెనీ అనుమతి తీసుకోవాలి. పెట్టె మీద పేరూ బరువూ రాయాలి. పెట్టెలోంచి గ్యాసు బయటికి పోయే దారి ఉండాలి. మొదటి మూడింటి కోసం నేను పడ్డ పాట్లు రాస్తే ఒక చిన్న పుస్తకం అవుతుంది. నాలుగోదాన్ని మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు, థర్మోకోల్ పెట్టె మూత ఎలాగూ అంత గట్టిగా పట్టదు కదా అని.

ఇక పిన్ని సంగతి. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో ఉంటుంది, నేనే పిన్నీ అని పిలుస్తాను. ముప్పై ఏళ్లుగా పలాసలో జీడిపప్పు ప్యాకింగు పని. భర్త మూడేళ్లు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. ఆయన ఆసుపత్రి కాగితాలన్నీ ఇనప పెట్టెలో దాస్తే తుఫాను నాడు ఇంట్లోకి వచ్చిన నీళ్లకు ముద్దయిపోయాయట. తర్వాత డాక్టరు పాత రిపోర్టులు అడిగినప్పుడల్లా ఆ ముద్దే కళ్లముందు మెదిలేదని చెప్పింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో రేషన్ కార్డు మొదలు కరెంటు బిల్లు దాకా ప్రతిదీ ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది.

రక్తం ఇమ్మని మొదటిసారి అడిగితే కుదరదంది. రెండోసారి వెళితే కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ కుదరదంది. మూడోసారికి కారణం చెప్పింది.

"మూడు పాల్లు ఇచ్చినాను బాబూ. ఒకలు రగతమన్నారు, ఒకలు ఉచ్చన్నారు, ఒకలు గోళ్లు కూడా కత్తిరించి పట్టికెల్లినారు. ఎవులూ మల్లీ వచ్చి నీకిది ఉన్నాది, ఇది నేదు అని సెప్పనేదు. ఆయన పోయినకాడి నుంచి నడుం నొప్పొచ్చినా గుండె జారిపోతాది. నాకున్నాదో నేదో ఒక కాగితమ్ముక్క తెచ్చిత్తానంటే ఇత్తాను."

ఆసుపత్రిలో చేసే మామూలు పరీక్షలో బాగానే ఉందన్నారట. ఆయనకూ మొదట్లో అలాగే అన్నారు కనుక ఆవిడకు ఆ మాట మీద నమ్మకం లేదు. కాగితం తెచ్చిస్తానన్నాను. నా చేత్తో తెచ్చిస్తానని కూడా అన్నాను.

ఆ రోజు పొద్దున్నే ఆవిడతో కలిపి ఆరుగురి దగ్గర రక్తం తీయించాం. పది గంటలకు సీరం గొట్టాలు సిద్ధం. ముందురోజు విశాఖపట్నంలో కొని తెచ్చిన డ్రై ఐస్‌ను తూచి, సరిగ్గా రెండున్నర కిలోలు పెట్టెలో పోసి, మధ్యలో గొట్టాలు పెట్టి మూత వేశాను. అంతవరకు బాగానే ఉంది. కారు వచ్చిందన్నారు. చేతిలోని నీళ్ల మిషనును పెట్టె మీద పెట్టి సంతకాల పుస్తకం అందుకున్నాను. థర్మోకోల్ మూత ఈ మూల నుంచి ఆ మూలకు ఫట్‌మని విరిగింది. అప్పుడు నా నోటివెంట వచ్చిన మాట ఆరోగ్య కేంద్రంలో అనాల్సింది కాదు.

పిన్ని ఇల్లు ఆ పక్క సందులోనే. తన రక్తం ఎలా వెళుతుందో చూద్దామని వచ్చి వరండాలో నిలబడి ఉంది. విరిగిన మూతను చూసింది, నన్ను చూసింది, తాను కడతానని చెప్పి ఇంటికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో జీడిపప్పు నింపే మందపాటి ప్లాస్టిక్ సంచి, టేపు చుట్ట, కొవ్వొత్తి, ఇనుము కోసే రంపపు బ్లేడు ముక్క ఉన్నాయి. మూతను అతికించి నాలుగు వైపులా టేపు వేసింది. పెట్టె మొత్తాన్ని సంచిలో దించి, లోపలి గాలిని అరచేత్తో ఒత్తి ఒత్తి బయటికి తోసింది. సంచి మూతిని బ్లేడు మీద మడిచి కొవ్వొత్తి మంట వెంట ఒక్క లాగు లాగింది. ఎక్కడా కమరకుండా అతుక్కుపోయింది. పప్పుకి గాలి తగిలితే మెత్తబడిపోతుందని, తాను కట్టిన ప్యాకెట్టు ఇన్నేళ్లలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదని చెప్పింది.

"సీమ కూడా దూరదు. ఈ పాలి నా రగతం ఎల్తాది," అని పెట్టె మీద తట్టింది.

నేను చూస్తూనే ఉన్నాను. నాలుగో షరతు గుర్తుకొచ్చింది కూడా. ఆవిడ ముఖం చూశాక విప్పమని చెప్పడానికి నోరు రాలేదు. ఊరు దాటాక కారులో ఒక మూల కోసేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఊరు దాటేలోపే విమానం కంపెనీ నుంచి ఫోను. అనుమతి కోసం నేను పంపిన ఫారంలో పెట్టె కొలతలు సెంటీమీటర్లలో కాక అంగుళాల్లో ఉన్నాయట. మార్చి పంపాను. డ్రై ఐస్ ప్రమాదకరమా అని అడిగింది ఫోన్లోని అమ్మాయి. మీ రూలే కదా తల్లీ అన్నాను. ఆగమని చెప్పి పాట పెట్టింది. నరసన్నపేట దాటాం, శ్రీకాకుళం దాటాం, పాట ఆగలేదు. చివరికి లైన్లోకి వచ్చి, పెట్టెలోంచి గ్యాసు బయటికి పోతుందా అని అడిగింది. పోతుందండీ అని విసురుగా అన్నాను. వెనక సీట్లో ఆ సంచి అప్పటికే పొంగుతూ ఉండాలి. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

విమానాశ్రయం ముందు కారు దిగి వెనక తలుపు తీస్తే సంచి పూరీలా పొంగి మెరుస్తోంది. ట్రాలీ మీద పెట్టి, చేతిలో ఇంకేమీ లేక, ఇంటి తాళంచెవితో సంచిని పొడిచాను. ఆ తర్వాత కంగారులో టేపు కూడా పీకాను. తెల్లటి పొగ భుస్సుమని లేచి ట్రాలీ మీంచి నేల మీదికి పారింది. పక్కనున్నవాళ్లు పిల్లల్ని లాక్కుని దూరంగా పరిగెత్తారు. తుపాకీ ఉన్న జవాను నా వైపు పరిగెత్తుకొచ్చాడు. చేతులు పైకెత్తి నిలబడి, ఇది రక్తం సార్, కిడ్నీ పరీక్షకి సార్ అని నేను అరుస్తుంటే అది నన్ను కాపాడే మాటలా ఎవరికీ వినిపించలేదు.

కుక్కను తెచ్చారు, మిషన్లు తెచ్చారు, గంటన్నర పట్టింది. చివరికి కంపెనీ అధికారి ఒకావిడ వచ్చి నా ఫారం ముందు పెట్టింది. గాలాడకుండా బిగించిన పెట్టెలో డ్రై ఐస్ ఉంటే గ్యాసు పెరిగి పెరిగి పెట్టె పేలుతుందని, గాల్లో ఉండగా ఆ పని జరగకూడదనే ఆ షరతు పెట్టారని నెమ్మదిగా చెప్పింది. "గ్యాసు పోయే దారి ఉందని రాసి సంతకం చేశారు. ఇది మీ సంతకమేనా?" అని అడిగింది. నాదే అన్నాను.

విమానం వెళ్లిపోయింది. మర్నాడు ఆదివారం, డ్రై ఐస్ అమ్మే చోటు మూసి ఉంది, గొట్టాల్లోని సీరం కరిగిపోయింది. ల్యాబుకు ఫోను చేస్తే, ఒకసారి కరిగితే తీసుకురావద్దన్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సెంటీమీటర్ల మీద కోపం వచ్చింది, ఫోన్లో పాట మీద వచ్చింది, ఆదివారం మీద కూడా వచ్చింది. ఒక ఐదు నిమిషాలు పిన్ని మీద కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. అన్నీ అయ్యాక మిగిలింది నేనే.

వారం రోజులు ఆ ఊరు వెళ్లకుండా సాకులు వెతుక్కుని, ఎనిమిదో రోజు వెళ్లాను. కాగితం తెచ్చావా అన్నట్టు నా చేతుల వైపు చూసింది. విమానం వాళ్లు ఒప్పుకోలేదని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అదే దానిలోని సుఖం. ఆవిడ వాళ్లను ఏడు తరాల దాకా తిట్టి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని చెయ్యి చాపింది.

"మల్లీ తియ్యి. ఈ పాలి రెండు సంచులేత్తాను, పైన మైనం కూడా పోత్తాను. ఎలాగొప్పుకోరో సూత్తాను."

ఇక దాచడానికి చోటు లేకపోయింది. మొత్తం చెప్పాను. పెట్టెకి గాలాడాలని, ఆవిడ అంత గట్టిగా కట్టడం వల్లే ఆగిపోయిందని. ఆవిడ చెయ్యి అలాగే చాపి ఉంది.

"నాను కట్టినప్పుడు నీకు తెలుసేటి?"

తెలుసన్నాను.

"ఒక్క ముక్క సెప్తే ఇప్పనా బాబూ? నువ్వు మొగమాటపడినావు, నా రగతం మట్టిపాలైపోనాది."

ఆ మాట అనేసి, అసలా రూలు ఏమంటుందో చదవమంది. ఫైలు తీసి ఒక్కొక్క షరతు తెలుగులో చెప్పాను. నాలుగోది విని తలూపింది. వేపిన పప్పు వేడి మీద కడితే సంచి చెమర్చి పాడవుతుందని, చల్లారేదాకా మూతి తెరిచే ఉంచుతామని, ఇందులో తెలియనిదేముందని అంది. నేను ఇన్నేళ్లూ తిట్టుకున్న ఫైలును ఆవిడ ఒక్క పూటలో అర్థం చేసుకుంది. నాకు సిగ్గేసింది.

ఆరుగురిలో ఇద్దరు రెండోసారి రక్తం ఇవ్వనన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పిన్ని ఇచ్చింది. కొత్త పెట్టెకు కొబ్బరిపీచు తాడు కట్టింది, కట్టేటప్పుడు ఒక మూల మూత కింద వేలు పెట్టి ఉంచి, ముడి బిగిశాక వేలు తీసింది. విమానాశ్రయంలో ఆ అధికారే ఎదురైంది. మూత కింద మిగిలిన సందు దగ్గర అరచెయ్యి పెట్టి, చల్లగా తగిలాక చీటీ అతికించి పంపింది.

రెండు నెలలకు కాగితం వచ్చింది. నా చేత్తోనే తీసుకెళ్లాను. దారంతా ఆ కారు నడవకపోతే బాగుండుననిపించింది. జబ్బు మొదలైందని ఉంది అందులో. ఇప్పుడే మొదలైంది కనుక మందులతో, జాగ్రత్తలతో చాలా ఏళ్లు ఆపొచ్చని, నొప్పి మాత్రలు మింగకూడదని, డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతానని అన్నీ చెప్పాను. రెండుసార్లు చదివించుకుంది. ఏడవలేదు. ఎవరో ఒకరు వచ్చి చెప్పారు కదా అంది.

లోపలికి వెళ్లి కవరు, కొవ్వొత్తి, బ్లేడు తెచ్చుకుంది. కాగితాన్ని కవర్లో పెట్టి అరచేత్తో గాలి ఒత్తేసింది. మూతి మడిచి, మంట దగ్గరికి తీసుకెళ్లబోతూ ఆగి నా వైపు చూసింది.

"దీనికి గాలి అక్కర్నేదు కదా బాబూ? ఉంటే ఇప్పుడే సెప్పీ."