ముప్పావు అంగుళం పొట్టి పడవ

“దర్శిలో కుళాయికే నీళ్లు రావు. నీకు పడవెందుకయ్యా?” అని ఎదురింటి వెంకటరావమ్మగారు ముఖం మీదే అడిగింది.

“నీళ్లున్న ఊళ్లో ఎవడైనా కడతాడమ్మా పడవ!” అన్నాడు మాబు సాహెబ్.

మా వీధి ప్లంబరు మాబు సాహెబ్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే: కొలత. ప్లాస్టిక్ పైపులు చీల్చి, వేడిచేసి, రేకుల్లా పరిచి, గమ్ముతో అతికించి చేపలవేట పడవకు నమూనా కడుతున్నాడు. అసలుదానిలో సరిగ్గా ఇరవయ్యో వంతు. ఆ లెక్క పడవ దాటి జీవితంలోకీ పాకింది. “అరగంటలో వస్తా” అన్నాడంటే ఇరవైతో హెచ్చవేసుకుని పదిగంటలు ఎదురుచూడాలి. ఓర్పు మీద సూక్తులు చెప్పేవాళ్లను తెచ్చి మా వంటింటి లీకు కింద నిలబెట్టాలి.

“బిర్యానీ కూడా ఇరవయ్యో వంతే పెట్టనా?” అంది ఆయన భార్య జోహరాబీ.

“తిండికి స్కేలు లేదు,” అంటూ పళ్లెం ముందుకు జరిపాడు.

మూడు నెలలకు పడవ పూర్తయింది. వీధంతా వచ్చి మెచ్చుకుంది. మర్నాడే దాన్ని రంపంతో కోసేశాడు.

“అయ్యో, ఏమైంది?” అన్నాను.

“ముప్పావు అంగుళం పొట్టి.”

“ఎవడికి తెలుస్తుందయ్యా?”

“తెలిసేవాడు ఒకడున్నాడు లెండి.”

రెండో పడవ పూర్తయ్యాక నన్ను ఒంగోలు బస్సెక్కించి, దాన్ని నా ఒళ్లో పెట్టాడు. పక్కన మా వెనక సందు హయాత్. “దీనికి టిక్కెట్టో?” అన్నాడు కండక్టరు. “ఇరవయ్యో వంతు కొట్టండి,” అన్నాడు మాబు సాహెబ్.

దారిలో అసలు సంగతి చెప్పారు. మిరపకోతలు లేనప్పుడు హయాత్ సముద్రం మీద పనికి వెళ్లేవాడు. వల లాగే మరలో పడి కుడిచేతి వేళ్లు పోయాయి. అజాగ్రత్త అతనిదేనని పడవ ఓనరు పరిహారం ఎగ్గొట్టాడు, పడవ దగ్గరికే రానివ్వలేదు. ఏటా రంగులేసిన పడవే కాబట్టి హయాత్‌కు ప్రతి కొలతా జానల్లో గుర్తుంది. మన ప్లంబరు మొదటి పడవకు తన జానతో లెక్కవేశాడు. హయాత్ జాన పావు అంగుళం పెద్దది! అరవై జానల పడవకు ఆ తేడా నమూనాలో ముప్పావు అంగుళమైంది. నమూనా కేసు కోసమని పొక్కితే ఓనరు మరనే మార్చేస్తాడని మాబు సాహెబ్ ఇన్నాళ్లూ పిచ్చోడనిపించుకున్నాడు.

లేబర్ ఆఫీసులో ఓనరు లాయరు లేచాడు. “అసలు చెయ్యి అక్కడెందుకు పెట్టాడు?”

మాబు సాహెబ్ మరతో సహా కట్టిన నమూనాను బల్ల మీద పెట్టి, జేబులోంచి అదే కొలతకు చేసిన ఒక ప్లాస్టిక్ మనిషిని తీశాడు. “మీరే నిలబెట్టండి సార్. తాడు అందాలి, చెయ్యి మరలో పడకూడదు.”

లాయరు ఎడమవైపు పెట్టాడు. తాడు అందలేదు. వెనక్కి జరిపాడు. పడవ గోడ తగిలింది. ఇంకాస్త పక్కకు జరిపితే మనిషి టప్పున ఆఫీసరుగారి ఫైలు మీద పడ్డాడు.

“వాడు సముద్రంలో పోయాడు సార్. వాడిక్కూడా కట్టాలి,” అన్నాడు హయాత్.

ఆఫీసరు నవ్వాపుకుని నాలుగు లక్షల ఎనభై వేలు రాశాడు. ఓనరు మూడు లక్షలు కట్టి ఊరుకున్నాడు. ఇప్పుడు మాబు సాహెబ్ ప్రతి సోమవారం ఓనరు గుమ్మం ముందు బల్ల వేసి, పడవ పెట్టి, దారిన పోయేవాళ్లందరి చేతికీ ప్లాస్టిక్ మనిషిని ఇస్తున్నాడు: “మీరూ ఓసారి నిలబెట్టి చూడండి!”

లక్షా ఎనభై వేలు ఇంకా రావాలి.