మా బావ, ఆగిన లిఫ్టులు, గుడి రహస్యాలు

లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుని తలుపు బాదుతుంటే, ఆ తలుపు ఇవతల నిలబడి పాత గుళ్ళ రహస్యాలు చెప్పడం మా బావకున్న ఒకే ఒక్క జబ్బు. తక్కిన విషయాల్లో మంచి మెకానిక్కు, మంచి మనిషి, మా అక్కకు మంచి మొగుడు. కానీ లోపలి నుంచి "ఎవరైనా ఉన్నారా" అన్న కేక వినబడిందంటే చాలు, బావకు ఎక్కడెక్కడి రాతి మండపాలూ గుర్తొచ్చేవి.

నేను బావ దగ్గరే పని నేర్చుకున్నాను. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే, ఒకరు మేడ మీది మెషీను గదిలో బ్రేకు వదిలించి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును అంగుళం అంగుళంగా తలుపు దాకా తేవాలి. రెండోవారు కింద తాళం చెవితో తలుపు దగ్గర నిలబడాలి. చక్రం ఎవరి వంతో, తాళం చెవి ఎవరి వంతో చెప్పనక్కర్లేదు. నేను పైన చెమటలు కక్కుతుంటే, ఇనుప తాళ్ళు దిగే కంతల్లోంచి బావ గొంతు తాపీగా పైకి వచ్చేది.

ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు ఇరుక్కున్నాడు. తలుపు తియ్యవయ్యా అని ఆయన మొత్తుకుంటుంటే బావ, "సార్, గాల్లో వేలాడే స్తంభం గురించి ఎప్పుడైనా విన్నారా?" అని అడిగాడు.

"నేనే గాల్లో వేలాడుతున్నానయ్యా" అన్నాడు లోపలాయన.

బావ చలించలేదు. ఆ స్తంభం ఎంత లావు, దాని కింద నుంచి తుండుగుడ్డ ఎలా దూరుస్తారు, ఎవరో దాన్ని సరిచేద్దామని పూనుకుంటే గుడి కప్పంతా ఎలా వణికింది, అన్నీ వర్ణించాడు. తలుపు తెరుచుకునేసరికి మేనేజరు తిట్లు మరిచిపోయి, ఇంతకీ తుండుగుడ్డ అవతలికి వచ్చిందా లేదా అని అడుగుతున్నాడు.

కూరగాయల సంచితో ఇరుక్కున్న ఒక పెద్దావిడకు ఏటేటా పెరిగే రాతి నంది కథ చెప్పాడు. అది పెరిగేలోపు నన్ను బయటికి తీస్తావా నాయనా అని ఆవిడ అడిగింది. ఇంకోసారి ఒక లాయరుకు గర్భగుడి దీపం కథ దొరికింది. గాలి చొరబడని చోట దీపం దానంతటదే ఊగుతుందట, అది దేవుడి ఊపిరట. లాయరు లోపలి నుంచే క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు. గాలి లేదని ఎవరు తేల్చారు, దీపం ఎంత దూరంలో ఉంది, కళ్ళారా చూసిన సాక్షి ఎవరు? లిఫ్టు వచ్చేసింది బాబూ అని నేను పైనుంచి గొంతు చించుకున్నా ఇద్దరూ వినిపించుకోలేదు.

రెక్కలు నావి, పేరు బావదీ అని అన్నం తినేటప్పుడు అక్కకు మొరపెట్టుకునేవాడిని. అక్క నవ్వి ఊరుకునేది. బావకు ఇంకో విడ్డూరం కూడా ఉండేది. ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళ్ళేవాడు. లిఫ్టు మెకానిక్కువి, లిఫ్టు ఎక్కవేం బావా అంటే, రోజూ దాని పొట్ట విప్పి చూసేవాడిని, దాని మీద నమ్మకం ఎలా కుదురుతుందిరా అనేవాడు.

ఒక రోజు ఒక ఆఫీసు భవనంలో మరమ్మతు పూర్తి చేశాం. బావకు మోకాలు వాచి ఉంది. ఆ భవనం మేనేజరు బతిమాలి, దాదాపు చెయ్యి పట్టుకుని, బావను లిఫ్టులోకి ఎక్కించి వెళ్ళిపోయాడు. సరిగ్గా సగం దారిలో కరెంటు పోయింది.

నేను పైన మెషీను గదిలో ఉన్నాను. నవ్వాగలేదు. ఇప్పుడెవరికి చెబుతావు బావా కథలు అని కంతలోంచి అరిచాను. మళ్ళీ పిలిచాను. కాసేపటికి, "త్వరగా తిప్పరా, ఊపిరాడటం లేదు" అని సన్నగా వినబడింది. అది బావ గొంతని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

చక్రం అందుకున్నాను. అది త్వరగా తిరిగే చక్రం కాదు. కింద తలుపు దగ్గర నిలబడి మాట్లాడే మనిషీ లేడు. ఏం చెప్పాలో తోచక, నోటికొచ్చింది మొదలుపెట్టాను. బావా, ఒక గుళ్ళో నంది ఉందట, అది గాల్లో వేలాడుతుందట, తడితే సరిగమలు పలుకుతుందట అన్నాను.

కింద నుంచి మెల్లగా, "నంది ఎందుకు పలుకుతుందిరా? పలికేవి స్తంభాలు" అని వినబడింది.

"స్తంభాలు ఏటేటా పెరుగుతాయన్నావుగా?"

"స్తంభాలు పెరిగితే కప్పు ఏమైపోతుందిరా, వెధవా?"

ఆ తిట్టు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక కావాలనే తప్పులు చెప్పాను. తాళ్ళ మీద అంతస్తు గుర్తుగా పూసిన పసుపు రంగు నా కళ్ళెదుటికి వచ్చేదాకా బావ నన్ను దిద్దుతూనే ఉన్నాడు.

కిందికి పరుగెత్తి, నా దగ్గరున్న తాళం చెవితో తలుపు తీస్తే, చొక్కా తడిసి ముద్దయిన బావ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఇంత భయం పెట్టుకుని ఈ పనిలోకి ఎందుకొచ్చావు బావా అని అడిగాను.

"లోపలున్నవాడికి ఎలా ఉంటుందో తెలిసినవాడు బయట ఒక్కడైనా ఉండొద్దట్రా?" అన్నాడు.

మిగతాది అక్క చెప్పింది. ఇరుకు చోటన్నా చీకటన్నా బావకు చిన్నప్పటి నుంచీ వణుకట. పాత గుళ్ళంటే మాత్రం చెప్పలేనంత పిచ్చి. ఇద్దరూ ఎన్ని గుళ్ళు తిరిగినా బావ ఒక్క గర్భగుడి గడపా దాటలేదు. బయటి స్తంభాలూ నందీ కరువుతీరా చూసుకుని, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. అక్క లోపలికి వెళ్ళి రాగానే, ఏముంది, ఎలా ఉంది అని ప్రాణం తీసేవాడు. లాయరు అడిగిన సాక్షి మా అక్కేనన్నమాట.

అప్పుడే అనుకున్నాను, బావను ఒక్కసారైనా చెయ్యి పట్టుకుని, దారంతా తప్పుల తడక కథలు చెబుతూ, గర్భగుడిలోకి తీసుకెళ్ళాలని. బావ సరేనన్నాడు. కానీ ప్రతిసారీ మోకాలనో, ముసురనో, పని ఒప్పుకున్నామనో వాయిదా పడేది. చివరికి ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ముచ్చటా తీరలేదని ఇప్పటికీ నా మనసు పీకుతూనే ఉంటుంది. ఇప్పటి లిఫ్టుల్లో మీట నొక్కితే, దయచేసి ఆందోళన చెందవద్దని ఒక ఆడగొంతు చెబుతుంది. పాపం, ఆ గొంతుకు ఒక్క గుడి సంగతీ తెలియదు.

ఈ మధ్య అక్కను ఒక పాత గుడికి తీసుకెళ్ళాను. ఈసారి అక్క బయటే చెప్పుల దగ్గర కూర్చుని, నువ్వు వెళ్ళి రారా అంది. జనంలో తోసుకుంటూ వెళ్ళి, అలాగే తోసుకుంటూ బయటపడ్డాను.

"లోపల ఏం చూశావురా?" అంది.

"ముందున్నాయన వీపు చూశానక్కా."

బావ పోయాక అక్క అంతగా నవ్వడం నేను చూడలేదు. "నాకెప్పుడూ అంతేరా, పొట్టిదాన్ని. కానీ ఆ మనిషి ఇక్కడ అలా ఎదురుచూస్తూ కూర్చుంటే, వీపులు చూసొచ్చానని ఏ నోటితో చెప్పను? ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని."

"బావకు తెలుసా?"

"తెలియకేం. ఒక గుళ్ళో పొద్దున వెళ్ళొచ్చి, దేవుడు నవ్వుతున్నాడని చెప్పాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, పొద్దుటి మాట మరిచిపోయి, కోపంగా ఉన్నాడని చెప్పాను. ఆయన నా వంక చూసి, అయితే పూటకో ముఖమన్నమాట, ఇది పెద్ద రహస్యమే అన్నారు. వారం తిరక్కుండా లిఫ్టుల దగ్గర చెప్పడం మొదలుపెట్టారు."

చక్రం తిప్పుతూ ఆ కథ నేనూ విన్నాను. బావ చెప్పినవాటిలో నేను మారుమాట లేకుండా నమ్మింది అదొక్కటే.