ఆరాయి తాగిన గ్లాసు

కోయంబత్తూరు దగ్గరి పోదనూరు పక్కన మిల్లు వీధుల్లో పాతవాళ్ళెవరూ ఆరాయిని ఒట్టి ఆరాయి అనరు, టీ ఆరాయి అంటారు. కూడు లేకపోయినా ఓర్చుకునేది గానీ టీ లేకపోతే ఆమె మనిషిలా ఉండేది కాదు. పెళ్ళిపీటల మీద కూర్చుని టీ అడిగిందని ఒక కథ చెప్తారు. నొప్పులు పడుతూ, మంత్రసాని కాచిన వేడినీళ్ళలో చిటికెడు టీ పొడి వేసి ఇమ్మందని ఇంకో కథ. మొదటిది అబద్ధం. ఆ కాలంలో వాళ్ళ వీధిలో పెళ్ళికి టీ పెట్టే తాహతు ఎవరికీ లేదు. రెండోది మాత్రం నిజమే. డెబ్బై దాటాక పోయింది, పోయిన రోజు పొద్దున కూడా రెండుసార్లు తాగింది. ఇవన్నీ చెప్పుకుని నవ్వేవాళ్ళు ఒక్క సంగతి దగ్గరకు వచ్చేసరికి మాట మారుస్తారు. అది చెప్పాలంటే తమ తాతలు ఏం చేశారో కూడా చెప్పాలి మరి.

ఆరాయి తండ్రి మాయాండి తోలు బానలు కుట్టేవాడు. కోయంబత్తూరు చుట్టుపక్కల బావులు పాతాళంలో ఉంటాయి. ఎడ్లను కట్టి తోలు బానతో లాగితే తప్ప నీళ్ళు పైకి రావు. ఎన్ని తరాల కిందటో తెలుగుదేశం వదిలి వచ్చినవాళ్ళలో తోటలున్న నాయుళ్ళూ ఉన్నారు, ఆ తోటల బావులకు బానలు కుట్టే మాయాండి లాంటివాళ్ళూ ఉన్నారు. ఇద్దరి ఇళ్ళల్లోనూ తెలుగే. ఆకలిని ఇద్దరూ ఆకలనే అంటారు. మాయాండి కుట్టిన బానలో పైకొచ్చిన నీళ్ళు నాయుళ్ళు తాగుతారు గానీ, మాయాండి ముట్టుకున్న చెంబులో నీళ్ళు తాగరు. ఇందులో న్యాయం వెతకబోతే బుర్ర పాడవుతుంది.

ఆరాయికి ఎనిమిదేళ్ళప్పుడు మాయాండి ఆమెను కారమడై రంగనాథుడి తేరు చూపించడానికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక టీ కంపెనీవాళ్ళు బండి నిలిపి, గొట్టంలోంచి అరుస్తూ, వచ్చినవాళ్ళందరికీ ఊరికే టీ పోస్తున్నారు. అప్పటికి టీ అంటే ఏమిటో ఆ జనంలో సగం మందికి తెలియదు. మాయాండి వంతు వచ్చింది. పోసేవాడు అతని నడుముకు చుట్టిన తుండుగుడ్డనూ, వంగిన వీపునూ చూసి పింగాణీ కప్పు వెనక్కి తీసేసుకున్నాడు. మాయాండి దారిలో పడివున్న కొబ్బరి చిప్ప ఒకటి ఏరి, తుండుగుడ్డతో తుడిచి, కూతురి చేతుల్లో పెట్టాడు. టీ పోసేవాడు దాంట్లోకి ఎత్తునుంచి పోశాడు.

ఆరాయి రెండు అరచేతులతో ఆ చిప్పను పొదివి పట్టుకుంది. చేతులకు వేడి తెలియలేదు. నోటికి మాత్రం వేడీ తీపీ, ఆ వెనకాల ఏదో వగరూ తగిలాయి.

"ఇదేంది నాయినా?"

"ఏమో మా. తాగు," అన్నాడు మాయాండి. అతనికి దొరకలేదు. ఒక చిప్పే పోశారు.

తర్వాత బావులకు కరెంటు మోటార్లు వచ్చాయి. తోలు బానలు మూలపడ్డాయి, వాటితోపాటే మాయాండీ మూలపడ్డాడు. పద్నాలుగేళ్ళకు ఆరాయి నూలు మిల్లులో చేరింది. వేస్టు దూది ఏరే పని ఆమెది. మిషన్ల కింద రాలిన దూదిలోంచి చెత్త తీసి, మంచిది వేరుచేసి మూటలు కట్టాలి. ఆ దూదిలోంచి లేచే దూగర ముక్కులోకీ గొంతులోకీ పోయి మధ్యాహ్నానికి మాట కూడా పెగలనిచ్చేది కాదు. దాన్ని కడుపులోకి దించాలంటే టీ ఒక్కటే మందు. ఆ టీ దొరికేది గేటు ముందున్న కృష్ణరాజ్ అంగడిలో.

కృష్ణరాజ్ నాయుళ్ళ పిల్లవాడే. అతని తండ్రి తోటలోని బావికి బానలు కుట్టింది మాయాండే. బావి ఎండి, తోట అమ్ముకున్నాక, ఉన్న డబ్బుతో కృష్ణరాజ్ మిల్లు ముందు పాక వేసి పొయ్యి పెట్టాడు. అతని చేతి మహిమో నీళ్ళ మహిమో గానీ, ఆ టీ కోసం రైల్వే కాలనీ నుంచి కూడా వచ్చేవారు. అంగడి ముందు పొడుగాటి బల్ల, దాని మీద ఒక కొసన గ్లాసులు, మిగిలిన చోటంతా కూర్చోవడానికి. అవి మిగతావాళ్ళకు. వెనక గోడకు మేకులు కొట్టి, వాటికి కొబ్బరి చిప్పలు వేలాడదీశాడు. అవి ఆరాయి వీధివాళ్ళకు. చిప్ప తీసుకుని, పక్కకు వచ్చి నిలబడి పట్టుకుంటే కృష్ణరాజ్ పైనుంచి పోస్తాడు. తాగాక ఎవరి చిప్ప వాళ్ళే కడిగి మళ్ళీ మేకుకు తగిలించాలి. ఈ ఏర్పాటు కృష్ణరాజ్ కనిపెట్టింది కాదు. ఆ దారిలో ప్రతి అంగడిలోనూ అంతే. అందుకే అతను దాన్ని తప్పని ఎన్నడూ అనుకోలేదు.

ఆరాయికి బాధ లేదా అంటే, ఉంది. రోజుకు రెండుసార్లు ఉంది. దాన్ని టీతోపాటు మింగేది.

ఆమె మొగుడు ముని అలా మింగలేకపోయాడు. అదే మిల్లులో బేళ్ళు మోసేవాడు గానీ, ఆ అంగడి గడప తొక్కేవాడు కాదు.

"నీ నాలుక్కి రోషం లేదే," అనేవాడు పెళ్ళాంతో.

"నాలుక్కి రోషమెందుకు? రుచి తెలిస్తే సాలదా?" అనేది ఆరాయి. నవ్వుతూనే అనేది, కానీ ఆ మాట తగలాల్సిన చోట తగిలేది.

ఆరాయికి ముప్పై దాటిన ఏడు మిల్లులో సమ్మె జరిగింది. ఇరవై మూడు రోజులు అన్ని వీధులవాళ్ళూ గేటు ముందు ఒకే ఎండలో కూర్చున్నారు. సమ్మె గెలిచాక యూనియన్ కార్యదర్శి సంజీవి గేటు మీటింగులో లేచి, ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళకు రెండు రకాల టీ ఏమిటని అడిగాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ సాయంత్రం సంజీవి కృష్ణరాజ్ దగ్గరికి వెళ్ళాడు.

"గ్లాసు ఇయ్యను అనలా," అన్నాడు కృష్ణరాజ్. "ఇచ్చినాక తక్కినవాళ్ళు రాకపోతే? నా పొయ్యి ఆరిపోతాది కదా. ఒక వారం చూస్తాను. గొడవ వచ్చిందంటే మళ్ళీ చిప్పలే."

బల్ల మీద కూర్చున్న వేస్టు డిపార్టుమెంటు మేస్త్రీ పెదవి విరిచాడు. "గ్లాసు పట్టుకునేది వాళ్ళకు తెల్సునా? దినానికొకటి పగలగొట్టి పెడ్తారు చూడు," అన్నాడు. ఆ మాట రాత్రికల్లా ఆరాయి వీధికి చేరింది.

మొదట ఎవరు తాగాలన్న దగ్గర వీధిలోని మగవాళ్ళంతా నేల చూపులు చూశారు. వాళ్ళనీ అనడానికి లేదు. ఒకడి అన్న ఊళ్ళో నాయుళ్ళ తోటలో పాలికాపు, ఇంకొకడి గుడిసె ఉన్న స్థలం ఇంకెవరిదో. చివరికి ఆరాయి లేచింది.

"నేను తాగుతా."

"టీ కోసమేనా?" అన్నాడు ముని.

"ఆమా, నిజమే. టీ కోసమే," అంది. అది పూర్తిగా నిజం కాదని మునికి తెలుసు. పూర్తిగా అబద్ధం కాదని కూడా తెలుసు.

మర్నాడు పది గంటల విరామానికి అంగడి ముందు తేరు చూడ్డానికి వచ్చినట్టు జనం. కృష్ణరాజ్ టీ పోసి గ్లాసును బల్ల అంచున పెట్టాడు. ఆరాయి ముందుకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి టీని ఎలా అందుకుందో అలాగే అందుకుంది. రెండు అరచేతులూ చుట్టి పొదివి పట్టుకుంది.

చిప్పలోంచి వేడి బయటికి రాదు. గాజులోంచి వస్తుంది. గ్లాసును పైఅంచున రెండు వేళ్ళతో పట్టుకోవాలని తెలియడానికి గ్లాసులో తాగి ఉండాలి కదా. మరుగుతున్న టీ వేడి అరచేతుల్లోకి పాకి మోచేతుల దాకా ఎక్కింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. వదిలెయ్యమని చేతులు మొత్తుకున్నాయి. కింద పెడదామంటే బల్ల దగ్గర మేస్త్రీ నిలబడి ఆ చేతుల వంకే చూస్తున్నాడు. గ్లాసు జారితే పగిలేది తన గ్లాసొక్కటే కాదు, వీధి మొత్తానికి మళ్ళీ చిప్పలే గతి. ఆరాయి వేళ్ళు ఇంకా బిగించింది. నాలుక కాలుతుంటే, గొంతు కాలుతుంటే ఆపకుండా తాగింది. చివరి గుక్క అయ్యాక, చప్పుడు కాకుండా గ్లాసును బల్ల మీద పెట్టింది. ఇంతలో మిల్లు కూత కూసింది. జనం లోపలికి పోయారు. ఆ గ్లాసును తర్వాత ఏం చేశారో ఆమె చూడలేదు.

సాయంత్రం దాకా ఆరాయి దూది ఏరింది. బొబ్బలు చిదికి, వాటికి దూగర అంటుకుంది. ఇంటికొచ్చాక ముని ఆ చేతులు తిప్పి చూశాడు. కలబంద మట్ట చీల్చి, దాని గుజ్జు మెల్లగా రాశాడు.

"ఎట్ల ఉండె, గ్లాసులో టీ?" అని అడిగాడు.

అంతవరకూ కంటతడి పెట్టని ఆరాయి అప్పుడు ఏడ్చింది. "తెలీలా," అంది. "రుచే తెలీలా నాకి."

కారమడై తేరునాటి నుంచి ఆమె తాగిన టీ ఒక్కటీ వృథా పోలేదు. ఇదొక్కటే పోయింది. మునికి ఆ దుఃఖం అర్థమైంది. నాలుకకు రోషం లేదని ఇన్నేళ్ళు తాను అన్న మాటకు సిగ్గుపడ్డాడు. రేపు పోవద్దన్నాడు. పోవాలంది. ఇవాళ ఒక్కరోజు తాగి రేపు రాకపోతే, భయపడి మానేసిందంటారు.

పొద్దున్నే మొదటి కూతకు ముందే వెళ్ళింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా వేడి సోకితే ప్రాణం పోయేలా ఉంది. వెనకాల ఆమె వీధివాళ్ళు ఐదారుగురు, వాళ్ళకు కాస్త ఎడంగా ముని నిలబడ్డారు. ఆమెకు ఏం జరుగుతుందో చూసి, వాళ్ళు అడుగు వెయ్యాలి. కృష్ణరాజ్ గ్లాసులో టీ పోసి తల ఎత్తాడు. ఆ అరచేతులు చూశాడు. నిన్న ఆమె అంత నిబ్బరంగా ఎలా తాగిందో అతనికప్పుడు తెలిసింది. అతని మొహం పాలిపోయింది.

అంగడిలో మాట అంతా అరవమే. అతను మాత్రం మెల్లగా తెలుగులో అన్నాడు. "ఆరాయీ, చిప్పలో పోసిస్తాను. చేతికి కాలదు. ఈ ఒక్క పొద్దుకే, ఎవురూ ఏమీ అనుకోరు."

అందులో మోసం లేదు. మనసారా అన్న మాటే. అదే ఆరాయికి కష్టమైంది. తిట్టి ఉంటే తేలిగ్గా కాదనేది. నిన్న రుచి తెలియని నాలుక తహతహలాడుతోంది. ఆవిరి వాసన మొహానికి తగులుతోంది. చెయ్యి చాపితే చిప్ప, ఆ చిప్పలో సుఖంగా తాగే టీ. చేతులు కాలినమ్మ చిప్పలో తాగిందంటే తప్పుపట్టేవాళ్ళు కూడా లేరు. కానీ ఇవాళ తాను చిప్ప పట్టుకుంటే వెనకాల ఉన్న ఐదారుగురూ చిప్పలే పట్టుకుంటారు.

"వద్దు సామీ," అంది. "గ్లాసులోనే ఉండనీ. ఆరనీ."

అని బల్ల మీద కూర్చుంది. అన్నేళ్ళలో ఆ బల్ల మీద ఆమె కూర్చోవడం అదే మొదలు. పక్కనున్న మేస్త్రీ దిగ్గున లేచి వెళ్ళిపోయాడు. మొదటి కూత కూసింది. వెనకాల వాళ్ళు గ్లాసులే అడిగి, నిన్న ఆరాయి చేసిన తప్పు చెయ్యకుండా అంచులు పట్టుకుని, ఊదుకుంటూ తాగి లోపలికి పరుగెత్తారు. ముని వాళ్ళ వెనకే గేటు దాకా పోయి, ఒకసారి తిరిగి చూసి లోపలికి నడిచాడు. ఇద్దరి కూలీ పోగొట్టుకునే స్థితి కాదు వాళ్ళది.

"గేటు మూసేస్తారు ఆరాయీ," అన్నాడు కృష్ణరాజ్.

"మూయనీ."

రెండో కూత కూసింది. గేటు మూశారు. ఆ పూట పని పోయింది. టీ మీద మీగడ కట్టింది. ఆరాయి వేళ్ళ కొసలతో గ్లాసు ఎత్తి, చల్లగా అయిపోయిన ఆ టీని గుక్క గుక్కగా తాగింది. చక్కెర కాస్త ఎక్కువైంది, పాలు కొంచెం పలచన. అన్నీ తెలిశాయి. కృష్ణరాజ్ పొయ్యి దగ్గర పని ఏమీ లేకపోయినా, ఏదో సర్దుతూ నిలబడ్డాడు.

తాగడం అయ్యాక ఆమె అలవాటు చొప్పున లేచింది. "నీళ్ళు పొయ్యి సామీ, కడిగి పెడ్తా."

"ఆ చేతుల్తోనా? ఇట్ల తా," అన్నాడు కృష్ణరాజ్.

ఆమె చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు. అందరి గ్లాసులూ ముంచే తొట్టిలోనే ముంచి, తన వేళ్ళతో లోపలంతా తోమి, మిగతా వాటి పక్కన బోర్లించాడు. పది పన్నెండు గ్లాసులు వరసగా నీళ్ళు ఓడుతున్నాయి. ఆరాయి చూస్తూనే ఉంది. వాటిలో తాను తాగిన గ్లాసు ఏదన్నది కాసేపటికి ఆమెకే తెలియలేదు.