సైరన్ విన్న పొరుగింటావిడ

అనసూర్య గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. భర్త భూపాల్ బొగ్గుగనిలో పంపు ఆపరేటర్. గని పేరుతోనే పిలిచే ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో కాపురం. ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్లు తుమ్ముతాయి, ఎవరైనా దగ్గితే ఎదురింటివాళ్లు వచ్చి పలకరిస్తారు. జర్మన్ భాష నేర్చుకుంటే జర్మనీలో నర్సు ఉద్యోగం వస్తుందని తెలిసినప్పుడు ఆమె వెనకాడింది.

"నువ్వు పో. పిల్లను నేను, అవ్వ సూసుకుంటం" అన్నాడు భూపాల్. అవ్వ అంటే అతని తల్లి సారవ్వ. పిల్ల వేదిక అప్పుడు మూడో తరగతి.

జర్మనీలో అనసూర్యకు ఉద్యోగమిచ్చిన ఊరు కూడా ఒకప్పటి బొగ్గు ఊరే. గనులు ఎప్పుడో మూతపడ్డాయి. సాయంత్రం కాగానే దుకాణాలు మూసేస్తారు, ముందుగా చెప్పకుండా ఒకరింటికి ఒకరు వెళ్లరు. ఒకసారి ఆమె ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే కింది ఇంటి ముసలావిడ హెల్గా పైకి వచ్చి, కాస్త మెల్లగా మాట్లాడమని మర్యాదగానే అడిగింది. అప్పటినుంచి అనసూర్య ఫోన్‌లో తనవాళ్లతో గుసగుసగా మాట్లాడేది.

గోదావరిఖనిలో సాయంత్రమవుతుంటే అక్కడ ఇంకా మధ్యాహ్నం. మార్చి చివర్లో ఆ దేశమంతా గడియారాలు గంట ముందుకు జరుపుకుంది.

"గడియారాన్ని గుంజుడేంది?" అన్నాడు భూపాల్.

"ఎండకాలం వెలుతురు వాడుకునేటందుకు అందరు గట్లనే జరుపుతరు."

"మా దగ్గర గడియారం కదలది. వారం మారితే మనుషులమే కదుల్తం." అతనికి ఆ రోజే షిఫ్టు మారింది.

జూన్‌లో ఒక సెలవు రోజు, కిటికీలు తీసి పెట్టి అనసూర్య ఫోన్ చేసింది. సారవ్వకు చెవులు సరిగ్గా వినిపించవు. అత్త కోసం గొంతు పెంచక తప్పలేదు. ఇంతలో ఫోన్‌లోంచి రెండో షిఫ్టు సైరన్ మోగింది. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు.

వచ్చింది హెల్గా. అనసూర్య కంగారుగా క్షమాపణ చెప్పబోయింది. ముసలావిడ అదేమీ వినలేదు. ఆ చప్పుడేమిటని అడిగింది. గని సైరన్ అని చెప్పగానే మెట్ల మీదే కూర్చుండిపోయింది.

తన భర్త కూడా గనిలోనే పనిచేశాడని చెప్పింది. ఆ కూత విన్నాకే పొయ్యి మీద ఆలుగడ్డలు పెట్టేదట. ఎంత రుద్ది కడుక్కున్నా ఆయన కళ్ల అంచుల్లో కాటుకలా నలుపు మిగిలిపోయేదట.

"మా ఆయనకూ అంతే" అంది అనసూర్య, ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంటూ.

అనసూర్య ఫోన్‌లో ఇదంతా తెలుగులో చెప్పగానే భూపాల్, "రేపు గీ యాళ్లకే ఆ అమ్మను పిలువు. మిద్దెక్కి మంచిగ ఇనిపిస్త" అన్నాడు.

అతనిది రాత్రి షిఫ్టు. అయినా మర్నాడు నిద్ర ఆపుకుని అవ్వతో కలిసి మిద్దె ఎక్కాడు. అక్కడ జర్మనీలో హెల్గా ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని, చెర్రీ పండ్ల కేకుతో వచ్చింది. సైరన్ మోగినంతసేపూ కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక, నీ భర్త రోజూ క్షేమంగా ఇల్లు చేరుతున్నాడా అని అడిగింది. అనసూర్య ఆ మాటను తెలుగులో గట్టిగా చెబితే సారవ్వకు కళ్లు తడిశాయి. "నా కొడుకు మంచిగున్నడని చెప్పు బిడ్డా. ఆమెను పైలంగ ఉండుమని చెప్పు" అంది.

ఆ తర్వాత హెల్గా చెప్పకుండానే వచ్చి వెళ్లేది. రొట్టెల దుకాణానికి అనసూర్యను వెంటబెట్టుకుపోయి, గనికార్మికుడి భార్య అని పరిచయం చేసింది. మెల్లగా ఆ ఊళ్లో పదిమంది ఆమెను పేరుపెట్టి పిలవసాగారు.

డిసెంబర్‌లో అనసూర్య సెలవు మీద గోదావరిఖనికి వచ్చింది. ఒళ్లు మాత్రం ఇంకా జర్మనీ వేళల్లోనే ఉంది. బారెడు పొద్దెక్కినా మెలకువ రాదు. ఆ వారం రాత్రి షిఫ్టులో ఉన్న భూపాల్ పొద్దున డ్యూటీ దిగి, ఇంత తిని, ఆమె పక్కన ఒరిగేవాడు. ఆమె నిద్రలోనే అతని వైపు జరిగేది. ఆమె దవాఖాన డ్యూటీలు, అతని గని షిఫ్టులు ఏనాడూ ఒకటిగా ఉన్నది లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరి నిద్రవేళలు వరసగా వారం రోజులు కలవడం అదే మొదటిసారి.